బ్రిటన్ పార్లమెంటుకు ఎన్నికైన తొలి మహిళ నాన్సీ ఆస్టర్ కాదు

"బ్రిటన్ పార్లమెంటుకు ఎన్నికైన తొలి మహిళ నాన్సీ ఆస్టర్, 1919." జనరల్ నాలెడ్జ్ పోస్టుల్లో, పోటీ పరీక్షల నోట్సుల్లో ఈ వాక్యం ఏళ్లుగా తిరుగుతోంది. ఇది తప్పు. అలా ఎన్నికైన తొలి మహిళ కాన్‌స్టన్స్ మార్కీవిచ్. 1918 డిసెంబరులో ఐర్లండ్ స్వాతంత్ర్యం కోరే సిన్ ఫెయిన్ పార్టీ తరఫున డబ్లిన్ నగరంలోని సెయింట్ పాట్రిక్స్ నియోజకవర్గంలో గెలిచారు. ఈ మాట చెప్పగానే ఆస్టర్ పక్షాన కొన్ని వాదనలు వస్తుంటాయి. వాటిలో ఒకటి మాత్రం గట్టిది. మిగతావి తేదీలు చూసుకుంటే నిలబడవు.

"ఆమె గెలిచింది ఐర్లండ్ పార్లమెంటుకు."

1918లో ఐర్లండ్‌కు సొంత పార్లమెంటే లేదు. ఐర్లండ్‌ను బ్రిటన్‌తో కలిపిన యూనియన్ చట్టం వల్ల 1801 జనవరి 1 నుంచి ఐర్లండ్ సభ్యులు కూర్చునేది లండన్‌లోని హౌస్ ఆఫ్ కామన్స్ (బ్రిటన్ పార్లమెంటు దిగువసభ)లోనే. 1918 డిసెంబరు 14న పోలింగ్ జరిగింది ఆ సభ కోసమే. ఐర్లండ్‌లో 105 స్థానాలుంటే సిన్ ఫెయిన్ 73 గెలుచుకుంది. గెలిచినవాళ్లు లండన్ వెళ్లకుండా 1919 జనవరి 21న డబ్లిన్‌లోని మాన్షన్ హౌస్‌లో సమావేశమై తమదే ఐర్లండ్ పార్లమెంటు అని ప్రకటించారు. అదే డాయిల్. ఆ రోజు హాజరు పిలిచినప్పుడు మార్కీవిచ్ పేరుకు వచ్చిన జవాబు "విదేశీయుల చెరలో ఉన్నారు" అని. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ సభ ఆమెను కార్మిక మంత్రిని చేసింది. కానీ ఆమెకు పడిన ప్రతి ఓటూ కామన్స్ సభ్యత్వానికే పడింది. డాయిల్ పుట్టేనాటికి ఫలితం వచ్చి మూడు వారాలు దాటింది.

"సిన్ ఫెయిన్ గాలిలో పోటీ లేకుండా గెలిచారు."

పోటీ లేకుండా సిన్ ఫెయిన్‌కు దక్కిన సీట్లు 25. సెయింట్ పాట్రిక్స్ అందులో లేదు. డిసెంబరు 28న వెలువడిన లెక్క ఇది: మార్కీవిచ్ 7,835, విలియం ఫీల్డ్ 3,752, స్వతంత్ర నేషనలిస్టుగా నిలబడిన జె.జె. కెల్లీ 312. మెజారిటీ 4,083.

ఓడిన ఫీల్డ్ అనామకుడేమీ కాదు, 1892 నుంచి అక్కడ ఎంపీ. ఈ సీటు చరిత్ర కొంచెం తెలుసుకుంటే ఆ గెలుపు బరువు అర్థమవుతుంది. అంతకుముందు డబ్లిన్ నగరం మొత్తం ఇద్దరు సభ్యులున్న ఒకే నియోజకవర్గం. 1885 పునర్విభజనలో దాన్ని నాలుగు ముక్కలు చేశారు. సెయింట్ పాట్రిక్స్ కెథీడ్రల్ చుట్టుపక్కల ఉన్న ఇరుకు వీధుల పేదపేటలు ఈ ముక్కలోకి వచ్చాయి. తొలి ఎంపీ విలియం మార్టిన్ మర్ఫీ, డబ్లిన్ ట్రాముల యజమానిగా పేరు మోసిన వ్యాపారి. ఐరిష్ నేషనలిస్టుల నాయకుడు పార్నెల్ మీద వచ్చిన వివాదంలో ఆ పార్టీ చీలినప్పుడు ఆయన పార్నెల్‌కు ఎదురు నిలిచారు. 1892లో పార్నెల్ వర్గానికి చెందిన మాంసం వ్యాపారి ఫీల్డ్ ఆయన్ను ఓడించారు. అదే మర్ఫీ 1913లో డబ్లిన్ లాకౌట్‌లో, అంటే యజమానులు కార్మికుల్ని పనిలోకి రానివ్వకుండా చేసిన పోరులో, యజమానుల పక్షానికి నాయకుడు. ఆ నెలల్లో కార్మిక సంఘం కార్యాలయమైన లిబర్టీ హాల్‌లో కార్మిక కుటుంబాలకు వంటశాల నడిపినవాళ్లలో మార్కీవిచ్ ఒకరు. 1916లో బ్రిటిష్ పాలన మీద డబ్లిన్‌లో జరిగిన తిరుగుబాటులో ఆమె తుపాకీ పట్టడం గురించి అందరూ రాస్తారు. ఈ వంటశాల గురించి రాసేవాళ్లు తక్కువ. కార్మికుల పేటలో ఓట్లు అడగడానికి అది చిన్న అర్హత కాదు.

"జైల్లో ఉన్న మనిషి ఎన్నిక చెల్లదు."

నిర్బంధం వేరు, శిక్ష వేరు. 1918 మే నెలలో జర్మనీతో చేతులు కలిపారనే "జర్మన్ కుట్ర" ఆరోపణతో సిన్ ఫెయిన్ నాయకుల్ని పట్టుకెళ్లినప్పుడు ఆమెనూ తీసుకెళ్లి లండన్‌లోని హాలోవే జైల్లో పెట్టారు. విచారణ లేదు, తీర్పు లేదు. ఇక 1916 తిరుగుబాటుకు పడిన మరణశిక్ష అప్పుడే యావజ్జీవంగా మారింది, 1917 జూన్‌లో అందరితోపాటు ఆమెనూ విడుదల చేశారు. సరిగ్గా అదే నేపథ్యంతో సిన్ ఫెయిన్ నాయకుడు డి వలేరా 1917 జులైలో ఐర్లండ్‌లోని ఈస్ట్ క్లేర్ ఉప ఎన్నిక గెలిచారు. ఆ గెలుపునూ ఎవరూ రద్దు చేయలేదు.

"విదేశీయుణ్ని పెళ్లాడారు, ఆమె బ్రిటిష్ పౌరురాలే కాదు."

గట్టి వాదన ఇదే, దాటేయకూడదు. ఆమె పుట్టింది లండన్‌లో. 1900లో కాజిమిర్ మార్కీవిచ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన పోలిష్ జాతీయుడు, రష్యా సామ్రాజ్య ప్రజ. 1870 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం భర్త ఏ దేశస్థుడో భార్యా ఆ దేశస్థురాలే. చట్టం అక్షరాలా చదివితే ఆమె విదేశీయురాలు. అదే నియమం వల్ల అమెరికాలోని వర్జీనియాలో పుట్టిన నాన్సీ ఆస్టర్, బ్రిటిష్ భర్త వల్ల బ్రిటిష్ పౌరురాలయ్యారు. ఇద్దరి పౌరసత్వాన్నీ తేల్చింది పెళ్లే.

అయితే అనర్హత ఉన్నంత మాత్రాన ఎన్నిక దానంతటదే రద్దు కాదు. దానికి రెండే దారులు: ఫలితం దాఖలైన 21 రోజుల్లోగా కోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి, లేదా సభ తీర్మానం చేయాలి. ఐర్లండ్‌లో ఈ రెండూ జరిగిన సందర్భాలున్నాయి. 1869లో టిప్పరరీలో ఖైదీగా ఉన్న ఓడోనోవన్ రోసా గెలిస్తే కామన్స్ ఆ ఎన్నికను కొట్టేసింది. 1875లో అదే టిప్పరరీలో శిక్ష పడిన తిరుగుబాటుదారు జాన్ మిచెల్ గెలిస్తే సభ రద్దు చేసింది. మళ్లీ పోటీ చేసి మళ్లీ గెలిచారు. అప్పుడు పిటిషన్ మీద సీటు ఓడిన అభ్యర్థి స్టీఫెన్ మూర్‌కు వెళ్లింది. మార్కీవిచ్ విషయంలో పిటిషనూ లేదు, తీర్మానమూ లేదు. కాబట్టి ఆ ఎన్నిక నిలిచింది.

ఆమె పక్షాన వాదించేవాళ్లు ఒకచోట తప్పటడుగు వేస్తారు: "సెయింట్ పాట్రిక్స్‌లో ఉప ఎన్నిక జరగలేదు, అదే రుజువు" అంటారు. అది రుజువు కాదు. ఈస్ట్ టిప్పరరీ సభ్యుడు పియర్స్ మెక్కన్ 1919 మార్చిలో జైల్లో చనిపోయినా అక్కడ ఉప ఎన్నిక పెట్టలేదు. ఆధారంగా చూపాల్సింది పిటిషన్, తీర్మానం లేకపోవడమే.

"ప్రమాణం చేయలేదు కదా, ఎంపీ ఎలా అవుతారు?"

ప్రమాణం చేయకుండా సభలో కూర్చుంటే, ఓటేస్తే 1866 చట్టం కింద 500 పౌండ్ల జరిమానా, సీటూ పోతుంది. అసలు వెళ్లకుండా ఉంటే ఆ చట్టం కింద ఏ శిక్షా లేదు. ప్రమాణం చేసి సభలో కూర్చున్న తొలి మహిళ ఆస్టరే, 1919 డిసెంబరు 1న. ఆ ఘనత ఆమెదే, దాన్ని ఎవరూ కాదనక్కర్లేదు.

"1918లో మహిళలందరికీ ఓటు వచ్చింది."

రాలేదు. 30 ఏళ్లు నిండి ఆస్తి లాంటి అర్హత ఉన్నవాళ్లకే వచ్చింది. పోటీ చేసే హక్కు మాత్రం 1918 నవంబరు 21 నాటి మరో చట్టంతో 21 ఏళ్లకే దక్కింది. పోలింగ్‌కు మూడు వారాల ముందు వచ్చిన హక్కుతో 17 మంది మహిళలు బరిలో దిగితే గెలిచింది ఒక్కరే. సెయింట్ పాట్రిక్స్‌లో ఆమె కోసం ప్రచారం చేసినవాళ్లలో మహిళల ఓటు హక్కు కోసం పోరాడిన ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్ ఉంది. 1908లో ఆ సంఘాన్ని స్థాపించినవాళ్లలో ఒకరైన మార్గరెట్ కజిన్స్ అప్పటికే మన దేశంలో ఉన్నారు. 1919లో టాగూర్ మదనపల్లె వచ్చినప్పుడు జనగణమనకు స్వరాలు సిద్ధం చేసింది ఆవిడే.

1922 అక్టోబరులో కామన్స్ రద్దయ్యాక సెయింట్ పాట్రిక్స్ నియోజకవర్గం మళ్లీ లేదు. ఐర్లండ్‌లో ఎక్కువ భాగం ఐరిష్ ఫ్రీ స్టేట్‌గా విడిపోవడంతో తర్వాతి బ్రిటన్ ఎన్నికల్లో డబ్లిన్‌కు సీట్లే లేవు.

పరీక్షకు చదివేవాళ్లు ప్రశ్నలో క్రియ చూసుకోవాలి. "ఎన్నికైన" అంటే మార్కీవిచ్, "సభలో కూర్చున్న" అంటే ఆస్టర్. "ఎన్నికైన" అని అడిగి కీలో ఆస్టర్ అని ఇస్తే అభ్యంతరంలో నాలుగు తేదీలు రాయండి: సెయింట్ పాట్రిక్స్ పోలింగ్ 1918 డిసెంబరు 14, ఫలితం డిసెంబరు 28, ఆస్టర్ గెలిచిన ప్లిమత్ సటన్ ఉప ఎన్నిక పోలింగ్ 1919 నవంబరు 15, ఫలితం నవంబరు 28.