తెల్లకణంలోనే దాక్కుంటే?

చిగుళ్ల నుంచి రక్తం కారడానికి ఇమ్యూనిటీ తగ్గడమే కారణమని, కషాయాలతో దాన్ని పెంచుకుంటే చాలని వ్యాసంలో రాశారు. బ్రషింగ్ గురించి చెప్పింది బాగుంది కానీ ఈ మాట మాత్రం ఒప్పుకోలేను. కూకట్‌పల్లిలో మైక్రోబయాలజీ పాఠాలు చెప్పేదాన్ని, ఊరుకోలేక రాస్తున్నా.

చిగుళ్ల జబ్బుకు కారణమయ్యే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియానే తీసుకోండి. సూక్ష్మజీవులను మింగి చంపడం మాక్రోఫేజ్ అనే తెల్లకణం పని. ఈ బ్యాక్టీరియా తన ఒంటి మీది ఫింబ్రియే అనే సన్నని నూగుతో ఆ కణం మీదున్న సీఆర్3 అనే గ్రాహకాన్ని (సంకేతాలు అందుకునే ప్రోటీన్‌ను) పట్టుకుని లోపలికి దూరుతుంది. ఆ దారిన వెళ్తే చంపే ప్రక్రియ గట్టిగా మొదలవదు. మిగతా కణాలను ఉసిగొల్పే ఐఎల్-12 అనే సంకేత ప్రోటీన్ కూడా తగ్గుతుంది. పోలీస్ స్టేషన్‌లోనే దొంగ కాపురం పెట్టినట్టన్నమాట! సూక్ష్మజీవుల ఆనవాళ్లను మిగతా రక్షణ కణాలకు చూపించే డెండ్రిటిక్ కణాల్లోకైతే డీసీ-సైన్ అనే మరో గ్రాహకం ద్వారా వెళ్తుంది.

న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాల దగ్గర ఇంకా కిలాడీ. తన జింజిపెయిన్ ఎంజైములతో మన రక్షణ వ్యవస్థలోని సీ5 ప్రోటీన్‌ను కోసి, వాపును రేపే సీ5ఏ అనే ముక్కను తయారుచేస్తుంది. ఆ ముక్కను అడ్డం పెట్టుకుని న్యూట్రోఫిల్స్ సంకేతాలను తారుమారు చేయడంతో చివరికి ఆ కణాలు మింగడం మందగిస్తుంది, వాపు మాత్రం ఆగదు. వాపుతో దెబ్బతిన్న కణజాలమే దానికి తిండి. పంటి చుట్టూ ఎముక కరగడానికీ చాలావరకు ఈ వాపే కారణం. మరి కషాయంతో ఏం పెంచమంటారు?

ముందు గార తీయించుకోవాలి. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ ఆసుపత్రిలోనూ స్కేలింగ్ చేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు ఈ చిగుళ్ల జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ, దాని గురించి వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదేం?