స్లాట్ అంటే తెలీదు, పూల్ అంటే తెలీదు, కానీ కుమార్ రాకర్ మాత్రం వేస్ట్ పిక్ అట!

ఇప్పుడే మా డాలస్ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక మహానుభావుడు ఫార్వర్డ్ పడేశాడు. పైన మన టెక్సస్ రేంజర్స్ జట్టు 2022లో తీసుకున్న బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరేవాడు) కుమార్ రాకర్ ఫొటో, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. కింద "2022లో మూడో పిక్ వీడి మీద తగలేశారు, ఎవర్ని వదిలేశారో చూడండి" అని ఒక లిస్టు: కేడ్ హార్టన్, జాక్ నెటో, బ్రూక్స్ లీ. (జట్లు ఏటా కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేది డ్రాఫ్ట్, అందులో ఒక్కో వంతు ఒక పిక్.) వెంటనే వరసగా నవ్వు బొమ్మలు. "రేంజర్స్‌కి డ్రాఫ్ట్ చెయ్యడం ఎప్పుడొచ్చింది గనక" అని ఇంకో పెద్దమనిషి తాళం.

ఈ తాళం పెద్దమనిషే, 2024 సెప్టెంబరులో సియాటిల్ మీద రాకర్ తొలి మ్యాచ్ ఆడి నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగుర్ని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేసిన రాత్రి, "మన తెలుగు బిడ్డ" అని గ్రూపంతా హోరెత్తించాడు. తల్లి లలిత గారి పుట్టింటి వాళ్ళు ఆంధ్రా నుంచి వచ్చారు కాబట్టి ఆ స్లైడర్ (పక్కకి జారే బంతి) కృష్ణా నీళ్ళ మహిమ అన్న రేంజిలో. తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ యూనివర్సిటీలో కొండలాంటి వాళ్ళని తోసుకుంటూ ఫుట్‌బాల్ ఆడినవాడు, మరి ఆ భుజాలు ఎవరి వాటాలో వచ్చాయో ఎవరూ అడగలేదు. 2025లో ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ సగటున ఇచ్చే పరుగులు, ఐదున్నర దాటింది. తెలుగు బిడ్డ కాస్తా వేస్ట్ పిక్ అయిపోయాడు. ఈ గ్రూపులో సగం మందికి ఫ్రిస్కో స్టేడియం ఇంటికి పది నిమిషాల దూరం. 2024లో రాకర్ సర్జరీ నుంచి కోలుకుని అక్కడ రేంజర్స్ కింది జట్టు రఫ్‌రైడర్స్ తరఫున బంతి వేస్తుంటే వెళ్ళి చూసినవాడు ఒక్కడు లేడు. పార్కింగ్ దండగ కదా!

సరే, లిస్టు సంగతి చూద్దాం. 2025 లెక్కలు ముందు పెట్టుకుని 2022 పిక్‌ని తిట్టడానికి స్కౌట్ అక్కర్లేదు, క్యాలెండర్ చాలు. లిస్టు చేసినవాడికి ఒకటే ప్రశ్న. ఆ రోజు రేంజర్స్ చేతిలో ఎంత డబ్బుంది? ఎన్ని పిక్కులున్నాయి?

తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. ఐపీఎల్ వేలం చూసిన కళ్ళతో దీన్నీ చూస్తారు. బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో మొదటి పది రౌండ్లలో ప్రతి పిక్‌కీ ఒక స్లాట్ విలువ ఉంటుంది. మీ పిక్కులన్నిటి స్లాట్లూ కలిపితే వచ్చేదే మీ పూల్. అందులో ఎవరికెంత ఇస్తారో మీ ఇష్టం. ఒకడికి తగ్గిస్తే ఆ మిగులు ఇంకొకడికి పెట్టొచ్చు. కానీ ఐపీఎల్‌లో ఆటగాడు చేజారితే పర్సు పర్సులాగే ఉంటుంది. ఇక్కడ మీరు తీసుకున్న పిల్లాడు సంతకం పెట్టకపోతే వాడి స్లాట్ డబ్బు మొత్తం పూల్‌లోంచి ఎగిరిపోతుంది. పూల్ దాటి 5 శాతం లోపు ఖర్చు పెడితే, ఆ అదనానికి 75 శాతం పన్ను కట్టి బయటపడొచ్చు. 5 శాతం దాటారా, పన్నుతో పాటు తర్వాతి ఏడాది మొదటి రౌండ్ పిక్కే పోతుంది. అందుకే ఏ జట్టూ ఆ గీత దాటదు. పదో రౌండ్ తర్వాత ఒక్కొక్కడికి అప్పట్లో లక్షా పాతిక వేల డాలర్ల దాకా లెక్కలోకి వచ్చేది కాదు (2023 నుంచి దాన్ని లక్షన్నర చేశారు), ఆ పైన ఇచ్చే ప్రతి డాలరూ మళ్ళీ పూల్ మీదే పడుతుంది.

ఇప్పుడు 2022కి రండి. అంతకు ముందు చలికాలం స్టార్ ఆటగాళ్ళు కోరీ సీగర్‌కి 325 మిలియన్ డాలర్లు, మార్కస్ సిమియన్‌కి 175 మిలియన్లు ఇచ్చారు. ఇద్దరూ క్వాలిఫయింగ్ ఆఫర్ (పాత జట్టు ఇవ్వజూపే ఏడాది ఒప్పందం) వద్దన్నవాళ్ళే, అందుకని వాళ్ళని తీసుకున్నందుకు రెండో రౌండూ మూడో రౌండూ పోయాయి. అప్పుడు ఈ గ్రూపులో పండగ, పిక్కులు పోయాయని ఒక్కడూ కన్నీరు కార్చలేదు. మూడో పిక్ తర్వాత మళ్ళీ రేంజర్స్ వంతు వచ్చేది నాలుగో రౌండ్‌లో, 109వ పిక్‌కి. మధ్యలో నూట అయిదుగురు వెళ్ళిపోతారు. మొత్తం పూల్ 9.6 మిలియన్ల పైచిలుకు, అందులో 7.59 మూడో పిక్ స్లాటే. అంటే నాలుగో రౌండ్ నుంచి పదో రౌండ్ దాకా ఏడు పిక్కులకి కలిపి మిగిలేది రెండు మిలియన్ల చిల్లర.

రాకర్‌కి ఇచ్చింది 5.2. అక్కడ దాదాపు 2.4 మిగిలింది. ఆ మిగులు 109వ పిక్‌లో బ్రాక్ పోర్టర్ అనే మిషిగన్ హైస్కూల్ పిచర్ దగ్గరికి వెళ్ళింది. క్లెమ్సన్ యూనివర్సిటీకి మాటిచ్చిన కుర్రాడు, మొదటి రౌండ్ సరుకు, అడిగే రేటు చూసి అందరూ జడిసి వదిలేస్తే అంత కిందకి జారాడు. వాడికి 3.7 మిలియన్లు. ఆ పిక్ స్లాటు ఆరు లక్షల డాలర్ల లోపే. ఇంకా మూడు మిలియన్ల పైన కావాలి. రాకర్ మిగులు 2.4, అవసరమైతే వాడుకోడానికి 5 శాతం వెసులుబాటు కింద మరో 4.8 లక్షలు, మిగిలిన చిల్లర ఎక్కడిది? ఆరో రౌండ్ నుంచి పదో రౌండ్ దాకా ఏ జట్టైనా చేసేదే: కాలేజీ నాలుగో ఏడు పూర్తయి, బేరమాడే చోటు లేని కుర్రాళ్ళని తీసుకుని పది వేలో ఇరవై వేలో చేతిలో పెట్టి స్లాట్ మిగుల్చుకోవడం. ఇదంతా పిక్కుకీ పిక్కుకీ మధ్య దొరికే ఆ కాస్త టైములో, ఏజెంటుకి ఫోన్ కొట్టి "మీవాడు ఎంతకైతే కచ్చితంగా సంతకం పెడతాడు" అని నంబర్ చెప్పించుకుంటూ చెయ్యాలి. నంబర్ తప్పితే పిల్లాడూ పోతాడు, స్లాటూ పోతుంది.

"మరి పోర్టర్ ఏం పీకాడు" అంటారు. ఇంతవరకు స్ట్రైక్ జోన్ వెతుక్కుంటూ వాక్‌లు (బ్యాటర్‌కి ఉత్తి పుణ్యానికి బేస్) ఇస్తున్నాడు, నిజమే. హైస్కూల్ పిచర్ మీద పందెం అంటే అదే. కానీ మీ లిస్టులో మొదటి పేరు కేడ్ హార్టన్ ఉన్నాడు చూశారా, ఏడో పిక్‌లో చికాగో జట్టు కబ్స్ వాడితో చేయించింది కూడా సేమ్ టు సేమ్. ఓక్లహోమాలో టామీ జాన్ సర్జరీ (మోచేయి లిగమెంటుకి) అయిన చేయి, స్లాట్ కంటే తక్కువకి సంతకం, మిగిలిన డబ్బు రెండో రౌండ్‌లో హైస్కూల్ పిచర్ జాక్సన్ ఫెరిస్‌కి. ఆ ఫెరిస్‌ని తర్వాత డాడ్జర్స్‌కిచ్చి మైకేల్ బుష్‌ని తెచ్చుకున్నారు. కబ్స్ చేస్తే వ్యూహం, రేంజర్స్ చేస్తే పిసినారితనం!

ఇంకొకడి బాధ మెడికల్ గురించి. "మెట్స్ వద్దన్న చేయిని మనమెందుకు కొన్నాం?" అయ్యా, మెట్స్‌ని (న్యూయార్క్ జట్టు) ప్రమాణంగా పెట్టుకుని మాట్లాడేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. 2021లో పదో పిక్‌లో రాకర్‌ని తీసుకున్నారు, 6 మిలియన్లకి మాట అయింది, మెడికల్ రిపోర్టు చూసి వెనక్కి తగ్గారు. తగ్గించి ఇస్తామని కూడా అనలేదు, అసలు ఆఫరే పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే పెట్టాల్సిన అవసరం లేదు గనక. డ్రాఫ్ట్‌కి ముందు ఎంఆర్‌ఐ ఇచ్చిన కుర్రాడికైతే జట్టు స్లాట్‌లో 40 శాతమైనా ఆఫర్ చేసి తీరాలి, లేదంటే సంతకం కాని పిక్‌కి బదులు తర్వాతి ఏడు పరిహారంగా వచ్చే పిక్ రాదు. రాకర్ ఇవ్వలేదు. మెట్స్‌కి పైసా ఖర్చు లేకుండా తర్వాతి ఏడు 11వ పిక్ వచ్చింది, దాంతో కెవిన్ పరాడా అనే క్యాచర్‌ని తీసుకున్నారు. పిల్లాడికి ఏడాది పోయింది. ఇప్పుడు ఆ 40 శాతాన్ని 75 చేశారు.

రాకర్ ఏం చేశాడు? ఆ సెప్టెంబరులో భుజానికి చిన్న సర్జరీ చేయించుకుని, 2022లో ఏ పెద్ద జట్టుతోనూ సంబంధం లేని ఫ్రాంటియర్ లీగ్‌కి వెళ్ళి ట్రై-సిటీ తరఫున 20 ఇన్నింగ్స్‌లో 32 స్ట్రైకవుట్లు వేసి చూపించాడు. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్టూ ఇవ్వకుండా 19 మందిని పడగొట్టినవాడు, ఊరి లీగులో పరీక్ష రాయాల్సొచ్చింది. రేంజర్స్ కొన్నది ఆ పరీక్ష పేపర్ చూసి. తర్వాత 2023లో పోయింది మోచేయి, ఆ సర్జరీ అయిన భుజం కాదు. ఇది మీ లిస్టులో పట్టదు లెండి.

అసలు సంతకం కాకపోతే ఏమవుతుందో తెలియాలంటే హ్యూస్టన్ వాళ్ళని అడగండి. 2014లో ఆస్ట్రోస్ మొదటి పిక్ బ్రాడీ ఏకెన్. 6.5 మిలియన్లకి ఒప్పందం, స్లాట్ 7.9. ఎంఆర్‌ఐలో మోచేయి లిగమెంటు తేడాగా ఉందని ఆఫర్ 3.1కి దించారు, చివరి నిమిషంలో 5 అన్నారు, కుర్రాడు పొమ్మన్నాడు. వాడి స్లాట్ ఎగిరిపోయేసరికి ఆ మిగులు మీద ఆశ పెట్టుకుని జేకబ్ నిక్స్‌కి ఇచ్చిన 1.5 మిలియన్ల మాట కూడా నీళ్ళపాలైంది. అందరూ ఉమ్మేశారు. తర్వాతి ఏడు పరిహారంగా రెండో పిక్ వచ్చింది. అలెక్స్ బ్రెగ్‌మన్! వాళ్ళు బురదలో పడ్డా బంగారంతో లేస్తారు, అదే నాకు మంట.

ఆ 2015 దగ్గరే ఆగుదాం, ఎందుకంటే రాకర్‌ని తిట్టే ఈ నోళ్ళన్నీ అప్పుడేమయ్యాయో నాకు అర్థం కాదు. నాలుగో పిక్ రేంజర్స్‌ది. డిలన్ టేట్, కాలేజీ పిచర్, 4.2 మిలియన్లు. వెంటనే అయిదో పిక్‌లో ఆస్ట్రోస్ కైల్ టక్కర్‌ని ఎత్తుకుపోయారు. ఎంతకి? 4 మిలియన్లకి! టేట్ కంటే చవక! స్లాట్ మిగుల్చుకోవాలన్నా టక్కరే లాభం, బ్యాటు చూసినా టక్కరే లాభం. టేట్ దగ్గర మిగిల్చింది ఏం చేశారు? డ్యూక్ పిచర్ మైఖేల్ మాటువెల్లాకి మూడో రౌండ్‌లో 2 మిలియన్లు, టామీ జాన్ అయి ఇంకా బంతి కూడా వెయ్యని చేయికి. వాడు మేజర్స్ (పెద్ద లీగ్) గుమ్మం తొక్కలేదు. టేట్‌ని ఏడాది దాటగానే కార్లోస్ బెల్ట్రాన్ అనే వెటరన్ బ్యాటర్ కోసం యాంకీస్‌కి ఇచ్చేశారు, బెల్ట్రాన్ రెండు నెలలుండి వెళ్ళిపోయాడు. టక్కర్ ఏళ్ళ తరబడి మన మీదే ఆడి మననే బాదాడు.

అండర్ స్లాట్ (స్లాట్ కంటే తక్కువకి సంతకం) తప్పని నేననడం లేదు. ఆ డబ్బు ఎవరి దగ్గర మిగిల్చి ఎవరి చేతిలో పోశారన్నదే అసలు గొడవ. 2020లో ఎవాన్ కార్టర్‌ని 50వ పిక్‌లో తీసుకున్నప్పుడు టీవీలో చూపించడానికి వాడి వీడియో కూడా లేదు, టెన్నెసీలో ఎక్కడో ఎలిజబెత్‌టన్ అన్న ఊరు. అందరూ పగలబడి నవ్వారు. 2023 ప్లేఆఫ్స్‌లో తొమ్మిది డబుల్స్ (బ్యాటర్ రెండో బేస్ దాకా చేరే హిట్లు) కొట్టి రికార్డు పెట్టాక నవ్విన వాళ్ళంతా "మేం ముందే అన్నాం". అదే ఏడు జులైలో నాలుగో పిక్‌లో వయట్ లాంగ్‌ఫర్డ్ దొరికాడు, అప్పుడు కూడా డీగ్రామ్, ఇవాల్డీ సంతకాల వల్ల రెండు, మూడు రౌండ్లు లేవు. ఆ సంగతి గుర్తున్నవాడు చెయ్యెత్తండి.

సరే, పిసినారితనం అన్నారు కాబట్టి అసలు పిసినారితనం ఏంటో నేను చెప్తా. 2009. పద్నాలుగో పిక్, మ్యాట్ పర్కీ, టెక్సస్ కుర్రాడు, ఎడమచేతి పిచర్. ఆరు మిలియన్ల దాకా మాట అయిందని అప్పట్లో వార్తలు. ఓనర్ టామ్ హిక్స్ అప్పులు కట్టలేక చేతులెత్తేశాడు, జట్టు జమాఖర్చుల మీద లీగ్ ఆఫీసు కూర్చుంది, పర్కీ సంతకం జరగలేదు. 2010లో పరిహారంగా 15వ పిక్. పరిహారపు పిక్‌తో చిక్కేంటంటే, దాన్ని కూడా సంతకం చేయించుకోలేకపోతే రెండోసారి పరిహారం ఉండదు. చేతిలో డబ్బులేదు, రిస్క్ తీసుకునే దారిలేదు. ఎవడు ఖాయంగా సంతకం పెడతాడో వాణ్ణే వెతుక్కోవాలి. దొరికినవాడు జేక్ స్కోల్. మేజర్స్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఏడు పిక్కుల తర్వాత, 22వ పిక్, కెల్లిన్ డెగ్లన్ అని ఒక హైస్కూల్ క్యాచర్. వాడూ అంతే.

23వ పిక్ మార్లిన్స్‌ది. క్రిస్టియన్ యెలిచ్, తర్వాత పెద్ద స్టార్ అయినవాడు. ఈ పేరు లిస్టులో పెట్టి ఫార్వర్డ్ చెయ్యండి, నేనే ముందు లైక్ కొడతా.