ఫోన్ లాక్కునే ముందు

అమెరికాలో మన చెక్క ఇళ్లలో మాట దాగదు. కింద కిచెన్‌లో ఎంత గొంతు తగ్గించి తిట్టుకున్నా, హీటర్ గాలి వచ్చే వెంట్ల గుండా ఆ మాటలు పైగదిలోకి వెళ్లిపోతాయి. పిల్లలు నిద్రపోయారనుకుని రాత్రి పదకొండింటికి మనం మొదలుపెట్టే గొడవలన్నీ వాళ్లకు తెలుసు. గ్యారేజీ తలుపు లేచిన చప్పుడుకే ఉలిక్కిపడి, నాన్న తాళాలు కౌంటర్ మీద పెట్టాడా, విసిరాడా అన్నదాన్ని బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో లెక్క వేసుకునే పిల్లలు మన మధ్యే ఉన్నారు. వారాంతపు తెలుగు బడిలో పాఠాలు చెబుతూ అలాంటివాళ్లను దగ్గరగా చూశాను.

అలాంటి ఇంట్లో పదహారేళ్ల పిల్ల ప్రేమలో పడిందని తెలియగానే పెద్దవాళ్లు చేసే మొదటి పని ఫోన్ లాక్కోవడం. అది తప్పని, ప్రమాదమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను, ఎవరో గుర్తుపట్టే వివరాలు లేకుండా. క్లాసు అయిపోయి అందరూ వెళ్లిపోయినా తను బోర్డు తుడుస్తూ, కుర్చీలు సర్దుతూ ఆలస్యం చేసేది. ఇంట్లో అమ్మానాన్నలకు నెలల తరబడి మాటల్లేవు. "అన్నం టేబుల్ మీద ఉందని మీ నాన్నకు చెప్పు", "ఆ ఇన్సూరెన్స్ కాగితం ఏం చేసిందో మీ అమ్మనడుగు" అంటూ ఒకే గదిలో నిలబడి ఈ పిల్ల చేత కబుర్లు మోయించేవారు. స్కూల్లో ఒక అబ్బాయితో తన పరిచయం బయటపడ్డ రోజు మాత్రం ఆ ఇద్దరూ ఒక్కటయ్యారు, కూతురి మీద అరవడానికి. ఆ అబ్బాయిలో ఏం నచ్చిందమ్మా అని అడిగితే, "రాత్రి నిద్రపోయావా అని రోజూ లంచ్‌లో అడుగుతాడు ఆంటీ. ఇంకెవరూ అడగరు" అంది.

ఆ ప్రశ్న అడగాల్సింది మనం. మనం అడగలేదు కాబట్టి ఇంకో పదహారేళ్ల పిల్లవాడు అడుగుతున్నాడు. వయసు మహిమ, స్నేహాలు, ఇక్కడి కల్చర్ అని ఎన్నయినా అనుకోవచ్చు. ఆ వయసులో మనసు కలగడం ఎక్కడైనా మామూలే. కానీ ఇంట్లో ఊపిరాడని పిల్లలకు ఆ ప్రేమ సరదాగా ఉండదు, అదొక్కటే ఆధారమవుతుంది. అసలు భయం అక్కడే. అవతలివాడూ పిల్లవాడే, అంత బరువు మోయలేడు. పైగా అరుపుల మధ్య పెరిగిన పిల్లకు అదుపులో పెట్టడానికీ ప్రేమకూ తేడా త్వరగా తెలియదు. "తిన్నావా" అన్నవాడే కొన్నాళ్లకు "ఎక్కడున్నావ్, ఎవరితో ఉన్నావ్, లొకేషన్ ఆన్ చెయ్" అంటే, ఎంత పట్టించుకుంటున్నాడో అని మురిసిపోవచ్చు. ఫోన్ లాక్కున్న ఇంట్లో పిల్ల స్నేహితురాలి ఫోన్ వాడుతుంది. కానీ అతను చెయ్యెత్తిన రోజు ఆ విషయం మీకు చెప్పదు. నాకన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

తల్లిదండ్రుల కష్టం నాకు తెలియనిది కాదు. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఇచ్చే గడువు మహా అయితే 60 రోజులు. వాళ్ల మీద ఆధారపడి వచ్చినవాళ్లకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న భార్యల్లో కొందరికి 2015 నుంచి పని చేసుకునే అనుమతి వచ్చినా, భర్త గ్రీన్ కార్డ్ ప్రక్రియ ఒక దశకు చేరని వాళ్లకు అదీ లేదు. చేతిలో డబ్బు లేక, వీసా భర్త పేరు మీద ఉండి, ఇంట్లో ఎన్ని మాటలు పడ్డా కదల్లేని తల్లులున్నారు. అలాంటి తల్లులకు న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి, హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష వంటి దక్షిణాసియా సంస్థలు సాయం చేస్తున్నాయి. ఇంట్లో తల్లి తెప్పరిల్లితే పిల్లకు సగం భయం పోతుంది.

ఇంకో మాట. "స్కూల్ కౌన్సెలర్‌కి చెప్పావంటే పోలీసులొస్తారు" అని పిల్లల్ని బెదిరించడం దయచేసి మానండి. పిల్లల్ని కొడుతున్నారనో, వేధిస్తున్నారనో అనుమానం వస్తే రిపోర్ట్ చేయడం స్కూల్ సిబ్బంది చట్టపరమైన బాధ్యత, నిజమే. అది పిల్లల రక్షణ కోసం. ఆ బెదిరింపుతో పిల్లకు మిగిలిన ఒక్క పెద్ద దిక్కునూ మనమే మూసేస్తున్నాం. టీనేజర్ల ప్రేమ సంబంధాల్లో హింస గురించి మాట్లాడటానికి లవ్ ఈజ్ రెస్పెక్ట్ హెల్ప్‌లైన్ 1-866-331-9474 ఉంది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలొస్తే 988కి కాల్ గానీ టెక్స్ట్ గానీ చేయొచ్చు. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద అంటించండి. ఎవరి కోసమో చెప్పక్కర్లేదు.

ఇక్కడి మన తెలుగు సంఘాల సభల్లో పెళ్లి సంబంధాల పరిచయ వేదికకు పెద్ద హాలు కేటాయిస్తాం. పిల్లల మనసుల కోసం ఒక్క చిన్న గది ఇవ్వమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. లైసెన్స్ ఉన్న కౌన్సెలర్ ఒకరు, వీలైతే మన ఇళ్ల సంగతి తెలిసినవారు, రోజంతా అందులో కూర్చోవాలి. తల్లిదండ్రులకు ప్రవేశం ఉండకూడదు, ఫొటోలు తీయకూడదు, పేర్లు రాయించుకోకూడదు. పక్క గదిలో అదే సమయంలో తల్లిదండ్రులకు కూడా ఒకరుండాలి. వచ్చే సభల బడ్జెట్ ఖరారయ్యేలోపు ఈ పని చేయడానికి ముందుకొచ్చేవాళ్లుంటే నేనూ వస్తాను.