భాసురం పోయి భంగురం వచ్చె

తెనాలిలో మా బాబాయి కూతురి పెళ్ళి జరిగినప్పుడు, వధూవరులను దీవిస్తూ నాలుగు మాటలు చెప్పమని మా పెదనాన్నగారి చేతికి మైకు ఇచ్చారు. ఆ నాలుగింటిలో మూడైనా సంస్కృతంలో లేకపోతే దీవెన ఫలించదని ఆయన నమ్మకం. గొంతు సవరించుకుని, ‘మీ దాంపత్యం క్షణభంగురమై, మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుగాక!’ అన్నారు. సన్నాయివారు అలవాటు కొద్దీ గట్టిమేళం అందుకున్నారు. తెలుగు చదువుకోని అదృష్టవంతుడు కాబట్టి పెళ్ళికొడుకు వినయంగా తల వంచాడు.

క్షణభంగురమంటే క్షణంలో విరిగిపోయేది. దానంతట అది విరిగే గుణం ఉన్నదే భంగురం. అందుకే కోపాన్ని క్షణికమంటాం గానీ భంగురమనం. దేహానికీ, యౌవనానికీ, సిరిసంపదలకూ, అదీ వేదాంతం చెప్పేటప్పుడు, ఈ మాట వాడతారు. కరిగిపోతున్న ఐస్‌క్రీమును కూడా ఎవరూ క్షణభంగురమనరు, ఇక పెళ్ళిని అనడమేమిటి! ఇదే సంగతిని పెదనాన్నగారు మూణ్ణాళ్ళ ముచ్చట అని అచ్చ తెలుగులో చెప్పి ఉంటే మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు కూర్చోకుండానే బస్సెక్కేవారు. సంస్కృతం కనుక సగంమంది చప్పట్లు కొట్టారు.

మగపెళ్ళివారి తరఫున వచ్చిన విశ్రాంత తెలుగు పండితులు ఒకరు ఆయన పరువు కాపాడబోయారు. వారు అనదలచింది భాసురమనీ, అంటే ప్రకాశించేదనీ, భంగురం, భాసురం, మేదురం అనేవి ‘భంజభాసమిదో ఘురచ్’ (3-2-161) అనే ఒకే పాణిని సూత్రం కన్న అన్నదమ్ములనీ, పోలికల వల్ల పొరబడడం సహజమేననీ సెలవిచ్చారు. మేదురమంటే కొవ్వు పట్టినది. ఆ మాట అంటూ ఆయన మా బాబాయి వంక చూడకుండా ఉండవలసింది. అంతటితో కూర్చున్నా బాగుండేది. అమరకోశం ప్రకారం పన్నెండు క్షణాలు ఒక ముహూర్తమనీ, ముహూర్తం 48 నిమిషాలు గనుక క్షణమంటే రెప్పపాటు కాదనీ, నికరంగా 4 నిమిషాలనీ, కాబట్టి భంగురమే అనుకున్నా కంగారు పడనక్కరలేదనీ లెక్క తేల్చారు. పిన్ని అక్షింతల పళ్ళెం కింద పెట్టేసింది.

పెళ్ళి వీడియోలోంచి పెదనాన్నగారి దీవెన తీసేయించారు. పండితులవారి ప్రసంగాన్ని, వియ్యాలవారి మనిషి కదా అని, చివరి ముక్క మాత్రం ఉంచారు. అందువల్ల తలంబ్రాలు ముగియగానే ఒక పెద్దాయన లేచి, ‘నికరంగా నాలుగు నిమిషాలు, కంగారు పడనక్కరలేదు’ అని కొత్త దంపతులకు ఎందుకు ధైర్యం చెబుతున్నారో, వీడియో చూసే బంధువులెవరికీ అంతుపట్టడం లేదు.