సంచి పెట్టి పంపిస్తే సరిపోదు

పెద్దపేగు క్యాన్సర్ కావచ్చు, టైఫాయిడ్‌తో పేగుకు పడ్డ రంధ్రం కావచ్చు, రోడ్డు ప్రమాదంలో కడుపుకు తగిలిన దెబ్బ కావచ్చు. కొందరికి పేగును పొట్ట మీదికి తెచ్చి, మలం సంచిలోకి వచ్చేలా స్టోమా పెట్టక తప్పదు. హైదరాబాద్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రులు ఈ ఆపరేషన్లు చేస్తున్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితి కూడా 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. పేదల ప్రాణాలు నిలబెడుతున్న పథకం అది. కానీ డిశ్చార్జ్ అయ్యాక ఆ మనిషి ఎలా బతకాలన్నది మాత్రం ఇంకా ఇంటివాళ్ల సమస్యగానే మిగిలిపోయింది.

ఇలాంటివాళ్లను చూసుకోవడానికి శిక్షణ పొందిన స్టోమా నర్సు ఉండాలి. ఆ నర్సు పని ఆపరేషన్‌కు ముందే మొదలవ్వాలి. పేషెంటును పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి చూసి, స్టోమా ఎక్కడ రావాలో పొట్ట ముడత పడని చోట గుర్తు పెట్టాలి. ఆడవాళ్లకు లంగా బొందు ఎక్కడ బిగుస్తుందో, మగవాళ్లకు లుంగీ ముడి ఎక్కడ పడుతుందో కూడా చూడాలి. అది కుదరక స్టోమా తప్పు చోట పడితే సంచి సరిగ్గా అంటుకోదు, లీకవుతుంది, చుట్టూ చర్మం పుండు పడుతుంది. వాసన వస్తుందేమోనన్న టెన్షన్‌తో మనిషి బస్సెక్కడు, పెళ్లికి వెళ్లడు, పని మానేస్తాడు. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో గుర్తు పెట్టే తీరిక దొరకకపోవచ్చు. అలాంటివాళ్లకే తర్వాతి ఫాలోఅప్ మరీ అవసరం.

మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాపు తగ్గి స్టోమా సైజు మారుతుంది. సంచి రంధ్రాన్ని మళ్లీ కొలిచి కత్తిరించాలి. చిన్నపేగుకు స్టోమా ఉన్నవాళ్లకు నీళ్లు, ఉప్పు ఎక్కువగా పోయి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇవన్నీ డిశ్చార్జ్ రోజున హడావుడిగా చెబితే ఎవరికి గుర్తుంటాయి? లీకైన ప్రతిసారీ కూలి వదులుకుని నగరానికొచ్చి, సర్జన్ ఓపీ లైన్లో నిలబడమనడం న్యాయం కాదు.

దీనికి డాక్టరే ఉండాలని లేదు. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ రూపర్ట్ టర్న్‌బుల్ ఈ పనికి నార్మా గిల్‌ను పెట్టుకున్నారు. ఆమె తానే స్టోమాతో బతుకుతున్న మనిషి. ముంబై టాటా మెమోరియల్‌లో నర్సులకు ఇందులో శిక్షణ ఉంది. మన నర్సులను అక్కడికి పంపడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు.

డయాలసిస్ విషయంలో తెలంగాణ దారి చూపింది. ఉచిత కేంద్రాలు తెరిచింది, పింఛను కూడా ఇచ్చింది. ఆ రోగులకు అవసరం ఏళ్ల తరబడి ఉంటుందని గుర్తించబట్టే అది సాధ్యమైంది. శాశ్వత స్టోమా ఉన్నవాళ్లకు సంచి అవసరం జీవితాంతం. అయినా 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల జాబితాలో స్టోమా లేదు. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. ప్రతి బోధనాసుపత్రిలో వారానికొక స్టోమా క్లినిక్, శిక్షణ పొందిన ఇద్దరు నర్సులు, ఫోన్ చేస్తే పలికే ఒక నంబరు ఉండాలి. నగరంలో బస్తీ దవాఖానాల్లో, జిల్లాల్లో ప్రభుత్వాసుపత్రుల్లో నెలకు సరిపడా సంచులు ఉచితంగా ఇవ్వాలి. వచ్చే బడ్జెట్‌లోనే వీటికి నిధులు కేటాయించవచ్చు.