సవరణ: 2015 ఓపెన్ సోర్స్ విధానంలో ఉన్నది ప్రాధాన్యం, నిషేధం కాదు

లైనక్స్ (ఒక ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వినియోగదారుల సంఘాలు దేశ సాంకేతిక విధానాలపై చేసిన కృషి గురించి గత వారం రాస్తూ, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ (మూల కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల సాఫ్ట్‌వేర్) తప్ప మరే సాఫ్ట్‌వేరూ వాడకూడదని 2015 నాటి విధానం శాసించిందని పేర్కొన్నాను. అది నా పొరపాటు.

విధాన పత్రాన్ని మొదటి నుంచి మళ్ళీ చదివితే తేలిందేమంటే, ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇమ్మని చెప్పిందే గాని, తక్కినవాటిని అది నిషేధించలేదు. టెండరు పత్రంలో ఓపెన్ సోర్స్‌ను కూడా పరిశీలించాలన్న షరతు తప్పనిసరిగా ఉండాలి. దాన్ని వద్దనుకున్న సరఫరాదారు ఎందుకు వద్దనుకున్నాడో తన బిడ్‌లోనే కారణం రాసివ్వాలి. నా దృష్టిలో ఈ విధానానికి అసలు బలం ఈ షరతే, ఎందుకంటే కారణం కాగితం మీదికి వచ్చాక దాన్ని ఎవరైనా ప్రశ్నించవచ్చు.

రాయల్టీ లేని ప్రమాణాలే (అంటే వాడుకకు పేటెంటు రుసుము కట్టనక్కరలేనివే) వాడాలని కూడా 2015 విధానమే చెప్పిందని ఆ టపాలో రాశాను. నిజానికి ఆ మాట 2010 నవంబరులో వెలువడిన ఈ-గవర్నెన్స్ ఓపెన్ ప్రమాణాల విధానానిది. అది ఫైళ్ళ రూపాలకు, డేటా మార్పిడికి సంబంధించినదే తప్ప సాఫ్ట్‌వేర్ కొనుగోలుకు కాదు. రెండింటినీ నేను కలిపేశాను. ఆ 2010 విధానపు ముసాయిదాపై స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘాలు అభ్యంతరాలు తెలిపాయన్న మాటలో మాత్రం మార్పు లేదు. పాత టపాలో ఆ రెండు వాక్యాలను సరిచేశాను.