దగ్గితే మూత్రం పడటానికి గర్భసంచి తీయించుకోవాలా?

మా ఒంగోలు వైపు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "కాన్పులయ్యాక దగ్గినా తుమ్మినా మూత్రం పడటం మామూలే. నీళ్లు తగ్గించండి. మరీ ఎక్కువైతే గర్భసంచి తీయించుకోవడమే దారి" అని. టంగుటూరులో పొగాకు గ్రేడింగుకు వెళ్లే మా పిన్ని అది విని, పనిలో ఉన్నంతసేపూ నీళ్లు ముట్టడం మానేసింది. అందుకే రాస్తున్నాను.

మొదటిది, "మామూలే" అనడం. చాలామందికి ఉన్న మాట నిజం. కానీ దానికి వైద్యం ఉంది. మూత్రసంచిని కింద నుంచి మోసే కండరాలు కాన్పులతో, ఒంటి బరువుతో, ఏళ్ల తరబడి దగ్గుతో, మలబద్ధకంతో వదులవుతాయి. కండరం కాబట్టి కసరత్తుతో మళ్లీ గట్టిపడుతుంది. ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టరు 1948లోనే ఈ కసరత్తు గురించి రాశాడు.

చేసే పద్ధతి ఇదీ. గ్యాసు, మూత్రం రెండూ ఆపుకుంటున్నట్టు లోపలి కండరాన్ని బిగించి, కొన్ని సెకన్లు ఉంచి వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు, పొట్ట, పిరుదులు బిగించకూడదు. ఒక్కోసారికి కనీసం 8 బిగింపులు, రోజుకు 3 సార్లు, కనీసం 3 నెలలు. వారంలో తేడా కనపడలేదని చాలామంది మానేస్తారు, అక్కడే నష్టం. బిందె ఎత్తే ముందు, తుమ్ము వస్తోందనగా ఒకసారి బిగించడం అలవాటు చేసుకోండి. ఫిజియోథెరపిస్టు దగ్గర సరిగ్గా నేర్చుకుంటే ఇంకా మంచిది.

నీళ్లు తగ్గించడం మన ఎండల్లో ప్రమాదం. మూత్రం చిక్కబడుతుంది, మలబద్ధకం పెరుగుతుంది, దాంతో ముక్కడం, మళ్లీ ఆ కండరాల మీదే భారం. తగ్గిస్తే టీ, కాఫీలు తగ్గించండి.

ఇక గర్భసంచి మాట. నాకు బాధ కలిగేది ఇక్కడే. గర్భసంచి తీయడం ఈ జబ్బుకు వైద్యమే కాదు. తీయించుకున్నాక మూత్రం పడటం మొదలైనవాళ్లూ ఉన్నారు. కసరత్తుతో తగ్గకపోతే లోపల ఆసరాగా పెట్టే పెసరీ అనే రింగు ఉంది. లావుగా ఉన్నవాళ్లకు బరువు తగ్గితే మూత్రం పడటమూ తగ్గుతుంది. అవేవీ పనిచేయనప్పుడు చేసే ఆపరేషన్ మూత్రనాళానికి ఆసరా ఇచ్చేది, గర్భసంచి తీసేది కాదు.

మూత్రంలో రక్తం, మంట, కింద ఏదో జారినట్టు ఉండటం, ఎప్పుడూ తడిగానే ఉండటం ఉంటే ఆగకండి. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఆడవాళ్ల డాక్టర్లు ఉన్నారు. నోటితో చెప్పడానికి సిగ్గైతే "దగ్గితే మూత్రం పడుతోంది" అని చీటీ రాసి ఇవ్వండి.